పసిబిడ్డకు ఏది కానుక?

ధనుర్మాసం ప్రవేశించింది. తెల్లవారుజామున వైష్ణవాలయాలలో తిరుప్పావై వినిపిస్తున్నది. ముంగిళ్ళలో ముగ్గులు, గొబ్బెమ్మలు కనువిందు చేస్తున్నాయి. ఈ నెలలోనే డిసెంబరు 25న క్రైస్తవ సోదరుల క్రిస్మస్ వస్తుంది. ఆ తరువాత మూడు వారాలు తిరిగేసరికి భోగి పండుగ, ఇంటింటా పసివారికి భోగిపళ్ళ పేరంటం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం బజారులలో ఈ రోజులన్నీ పిల్లల బట్టలు, ఆటవస్తువులు కొనేవారి సందడే కనిపిస్తుంది.

ఈ సమయంలో గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఏడాది నిండని బిడ్డకు, రెండు మూడేళ్ళ పాపకు ఏమివ్వాలి స్వామీ? బంగారమా, వెండా, బట్టలా, బొమ్మలా? పొరుగువారి పండుగకు మనం కానుక ఇవ్వవచ్చునా?" చిన్న ప్రశ్నవలెనే తోస్తుంది. కాని దీనిలో దానధర్మమూ ఉన్నది, బిడ్డ క్షేమమూ ఉన్నది, ఒక్కొక్కసారి ఒక కుటుంబపు అప్పుసప్పులూ ఉన్నాయి. అందువలన కొంత విచారించవలసిన విషయమే.

ఎలా ఇవ్వాలి?

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో విద్య ముగించుకొని ఇంటికి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు దానం చేయవలసిన తీరును ఉపదేశించాడు. శ్రద్ధతో ఇవ్వాలి. కలిమికి తగినట్లు ఇవ్వాలి. సిగ్గుతో, అంటే నేను ఇస్తున్నది ఏపాటిదన్న వినయంతో ఇవ్వాలి. భయంతో ఇవ్వాలి. తెలిసి ఇవ్వాలి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దీనికి మరొక మాట చేర్చింది. తగిన చోట, తగిన కాలంలో, తగినవారికి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చినదే సాత్త్విక దానం.

ఈ లక్షణాలను పసిబిడ్డకు అన్వయించి చూడండి. ప్రత్యుపకారం చేయలేనివారిలో పసిబిడ్డ మొదటివాడు. కనుక బిడ్డకు ఇచ్చే కానుక సహజంగా సాత్త్విక దానమే కావలసింది. కాని మన ఇళ్ళలో జరుగుతున్నదేమి? బారసాలనాడు చదివింపులు పుస్తకంలో వ్రాస్తారు. ఎవరు ఎంత పెట్టారో అంతకు తగ్గకుండా వారి ఇంటి శుభకార్యానికి తిరిగి పెట్టాలి. బిడ్డ చేతిలో పెట్టినది బిడ్డ తండ్రి మీద బాకీగా మారుతున్నది. ఇది వానను నమ్ముకొని మెట్టసేద్యం చేసే ప్రాంతం. వానలు మొహం చాటేసిన ఏడాది కూడా, నలుగురిలో మాట పడకూడదని అమ్మమ్మగారింటివారు అప్పు తెచ్చి గొలుసు, మొలతాడు చేయించడం మనం ఎరుగనిది కాదు. ఆ అప్పుకు వడ్డీ కట్టే నాటికి ఆ గొలుసు బిడ్డ మెడకు పట్టకుండా పోతుంది. కలిమికి తగినట్లు అన్న ఉపనిషత్తు మాట ఇటువంటి చోటనే గుర్తుకు రావాలి. మేనమామ ఇచ్చే నూలు చొక్కా శాస్త్రదృష్టిలో బంగారు గొలుసుకు ఏమాత్రం తీసిపోదు.

మట్టిబండి కథ

శూద్రక మహాకవి రచించిన మృచ్ఛకటికం నాటకానికి ఆ పేరు రావడానికి కారణం ఒక పసివాని ఆటవస్తువే. మృచ్ఛకటికం అంటే మట్టిబండి. దానధర్మాలు చేసి పేదవాడైన చారుదత్తునికి రోహసేనుడు అనే కుమారుడు ఉన్నాడు. పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడుకొని, అదే కావాలని ఏడుస్తాడు. దాసి మట్టితో బండి చేసి ఇస్తే ఒప్పుకోడు. ఆ ఏడుపు చూచి వసంతసేన మనసు కరిగి, తన ఒంటిమీది నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోస్తుంది. బంగారు బండి చేయించుకో నాయనా అంటుంది.

ప్రేమతో ఇచ్చినదే. అందులో సందేహం లేదు. కాని తరువాత ఏమైంది? అవే నగలు న్యాయసభలో విదూషకుని వద్ద నుండి జారిపడి, వసంతసేనను నగలకోసం చంపాడన్న అభియోగానికి సాక్ష్యమై, చారుదత్తుని వధ్యస్థానం దాకా నడిపించాయి. నాటకం చివరకు సుఖాంతమైనది గాని, పసివానికి తగని కానుక ఇంటిల్లిపాదికీ ఎంత ఆపద తేగలదో కవి చూపించాడు. పిల్లవాడు అడిగినది బండి. నగలు కాదు. కాస్త ఓపికపట్టి మట్టిబండిని అతని పక్కన కూర్చుని లాగి ఆడించేవారుంటే ఆ ఏడుపు ఆగేదేమో.

నేటికీ జాతరలలో, రైలు ప్రయాణాలలో పసిబిడ్డ ఒంటిమీద బంగారం బిడ్డకే ముప్పు. ఇవ్వగలవారు బంగారం ఇవ్వదలిస్తే, అది బిడ్డ పేర దాచే సొమ్ముగా ఇవ్వండి. తొడిగి ఊరంతా తిప్పే నగగా ఇవ్వకండి.

సంస్కారానికి తగిన కానుక

తెలిసి ఇవ్వడమంటే బిడ్డ వయస్సు తెలిసి ఇవ్వడం. మన షోడశ సంస్కారాలలో తొలివన్నీ బిడ్డ వయస్సును అనుసరించి ఏర్పడినవే. ఆ వరుసలో ఆలోచిస్తే కానుక ఎంపిక సులభమవుతుంది.

జాతకర్మ పుట్టిన వెంటనే చేయదగినది. అందులో బంగారంతో తేనె, నెయ్యి శిశువు నోటికి తాకించే విధి ఉన్నది. ఏడాది నిండని శిశువుకు తేనె పనికిరాదని వైద్యులు నేడు స్పష్టంగా చెబుతున్నారు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగులలో విషాన్ని పుట్టించి, కండరాలను చచ్చుబరచే జబ్బు తేగలవు. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని కూడా వారి మాట. కనుక మంత్రం చెప్పించుకొని, తేనె నేతుల పాత్రను శిశువు ఎదుట చూపి, పెదవికి తాకించకుండా ముగించవచ్చునని నా అభిప్రాయం. సంస్కారం ఆయుష్షు కోసమే గదా. బాలింతను చూడవచ్చేవారు శిశువు కోసం తేనెసీసా తేవడం మానాలి.

నామకరణం పది, పదకొండు, పన్నెండు రోజులకు జరుగుతుంది. బారసాల దాకా పురిటిబిడ్డకు పెద్దల పాత నూలుబట్టలే చుట్టడం మన ఇళ్ళ ఆచారం. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట పసిచర్మానికి హాయి. ఆ ఆచారంలోని వివేకాన్ని కానుకలోనూ పాటించండి. జరీలు, చెమ్కీలు, గుచ్చుకునే లేసులు ఉన్న దుస్తులు ఫొటోకు మాత్రమే బాగుంటాయి. పలుచని నూలుబట్టలు తీసుకోండి. గంజి, రంగు పోయేటట్లు ఒకసారి ఉతికి తొడగమని చెప్పండి.

కాటుకడబ్బా మరొక వాడుక కానుక. కొన్ని కాటుకలలో, సుర్మాలలో సీసం ఉంటుంది. అది పసివారి మెదడుకు హాని చేస్తుంది. ఇంట చేసిన కాటుకనైనా కంటిలో పెట్టవద్దనే వైద్యులు చెబుతారు. దిష్టి తీయాలన్న తల్లి మనసుకు అరికాలిన ఒక చుక్క చాలు.

నాలుగవ నెలలో నిష్క్రమణం, అంటే బిడ్డను తొలిసారి ఇంటినుండి వెలుపలికి తెచ్చి సూర్యదర్శనం చేయించడం. ఎండకు కప్పే నూలు టోపీ, చలికి చుట్టే దుప్పటి ఆ వయస్సుకు తగిన కానుకలు.

ఆరవ నెలలో అన్నప్రాశనం. ఆడపిల్లకు అయిదవ నెలలో చేసే వాడుక ఉన్నది. ఆడపిల్లకు బేసి నెలలు గనుక ఏడవ నెల కూడా సమ్మతమే. ఆరు నెలలు నిండిన తరువాతనే ఘనాహారమన్న వైద్యుల మాటకూ అది సరిపోతుంది. ఈ సందర్భానికి వెండి ఉగ్గుగిన్నె, చెంచా పూర్వాచారం. కొనలేనివారు మంచి స్టీలు గిన్నె ఇచ్చినా లోపం లేదు. అంచు పదును లేకుండా, కడగడానికి వీలుగా ఉంటే చాలు. మన పశ్చిమ ప్రాంతపు పల్లెలలో అనేకచోట్ల బోరునీటిలో ఫ్లోరైడ్ దోషం ఉన్నది. ఎదిగే పసివారి పళ్ళను, ఎముకలను అది దెబ్బతీస్తుంది. కాచినంత మాత్రాన ఆ దోషం పోదు. బంధువులు నలుగురు కలిసి ఆ ఇంట బిడ్డకు శుద్ధిచేసిన నీరు అందే ఏర్పాటు చేస్తే, దానిని మించిన అన్నప్రాశన కానుక లేదు.

ఆనాడే బిడ్డ ఎదుట పుస్తకం, కలం, బంగారం, పువ్వు వంటివి పెట్టి ఏది ముందు తాకుతాడో చూస్తాము. ఏడాది పొడుగునా పెద్దలే ఎంచుతారు. ఆ ఒక్క ఘడియ మాత్రం బిడ్డ ఎంచుకుంటాడు. అప్పుడు గమనించండి. బిడ్డ చేయి ధర చూచి చాచదు. చేతికి అందేది, మెరిసేది, నోట పెట్టుకోదగినది ఏదో దానివైపే చాస్తుంది. పసితనపు స్వభావం అది. మన ఎంపిక ఆ స్వభావాన్ని ఎరిగి సాగాలి.

భయంతో ఇవ్వడం

ఉపనిషత్తు భయంతో ఇవ్వమన్నది. పసివారి విషయంలో ఆ భయం ఏమిటి? నేనిచ్చే వస్తువు ఈ బిడ్డకు కీడు చేయదు గదా అన్న శంకే ఆ భయం. పూతన రేపల్లెకు వచ్చినప్పుడు అందమైన రూపంతోనే వచ్చింది. యశోదారోహిణులు ఆ అందం చూచి అడ్డుచెప్పలేకపోయారు. బజారులోని వస్తువులనూ పైమెరుగు చూచి నమ్మరాదు.

మూడేళ్ళలోపు పిల్లలు దొరికినదెల్లా నోట పెట్టుకుంటారు. గొంతుకు అడ్డుపడగల గోలీలు, పూసలు, ఊడివచ్చే కళ్ళు, చక్రాలు ఉన్న బొమ్మలు వారికి తగవు. వెండి గజ్జెల మువ్వలు, దిష్టికి కట్టే నల్లపూసలు కూడా గట్టిగా ఉన్నవో లేవో లాగి చూడాలి. పాటలు పాడే బొమ్మలలో బిళ్ళవంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. దానిని మింగితే రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. మూతకు మరచుట్టు లేని బొమ్మను కొననే వద్దు. బిడ్డ బ్యాటరీ మింగినట్లు అనుమానం కలిగితే క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి చేర్చాలి.

2021 జనవరి 1 నుండి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతివృత్తులవారికి అందులో మినహాయింపు ఉన్నది. ఆ గుర్తు, పెట్టె మీద వ్రాసిన వయస్సు రెండూ చూచి కొనండి.

మన తెలుగునాటి బొమ్మలలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు పసివారికి తగినవి. అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్కకు గింజల, ఆకుల, బెరడుల రంగులు కలిపి పూస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ వర్ణాలతో చేసినవేనా అని అడిగి, చిన్న మూతలు, విడిభాగాలు లేనివి ఎంచుకోండి. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసేవి. ఎంతో అందమైనవి. అయితే అతికిన ముక్కలతో, పైపూత రంగులతో ఉంటాయి గనుక వాటి చోటు బొమ్మల కొలువు. పసివాని నోరు కాదు.

నడక నేర్చే బిడ్డకు చక్రాల వాకరు కొనడం పరిపాటి అయినది. అది నడకను త్వరగా నేర్పదు. మెట్లమీదినుండి దొర్లించే ప్రమాదం మాత్రం ఉన్నది. కెనడా దేశం 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. మన పెద్దలు పిల్లల చేత తోయించిన మూడుచక్రాల కొయ్యబండి దానికంటె మేలు. బిడ్డ తన కాళ్ళమీద తాను నిలబడి తోస్తాడు. ఇక సెల్‌ఫోను, టాబ్ సంగతి. రెండేళ్ళలోపు బిడ్డకు తెర చూపనే వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘమే చెబుతున్నది. అన్నం తినిపించడానికి చందమామ ఉన్నాడు. పక్కింటి ఆవుదూడ ఉన్నది.

బాలాదేవి, పలక

మన త్రిపురాంతకం బాలా త్రిపురసుందరీ దేవి క్షేత్రం. పరాశక్తిని బాలికగా ఉపాసించే సంప్రదాయం మన ముంగిట ఉన్నది. కుమారీపూజ విధిని చెబుతూ దేవీభాగవతం ఒక సూక్ష్మం చూపింది. రెండేళ్ళు నిండిన బాలిక మొదలు పదేళ్ళ బాలికవరకు పూజకు అర్హులు. ఏడాది పాపను మాత్రం ఆ పూజకు పిలువవద్దన్నది. గంధం, పువ్వులు, భోగాలు ఏవో ఆ పాపకు ఇంకా తెలియవు గనుక. దేవతగా భావించి ఇచ్చేటప్పుడు కూడా వయస్సు చూడమన్నది శాస్త్రం. ఏడాది పాపకు వేలు పోసి పుట్టినరోజు చేసే వేడుకలు ఎవరి సంతోషానికో మనం ఆలోచించుకోవాలి.

రెండేళ్ళు దాటిన బిడ్డకు మన ప్రాంతం ఇవ్వగల కానుక ఒకటున్నది. అది పలక. మార్కాపురం భూగర్భం నుండి తీసిన రాతిపలకలు ఒకప్పుడు దేశంలోని అనేక ప్రాంతాల బడిపిల్లల చేతికి చేరాయి. కాగితం, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతిపలక వాడకం తగ్గింది. ఆ రాయి ఇప్పుడు ఎక్కువగా నేలకు, గోడకు పరిచే బండలుగా వెళ్తున్నది. అక్షరాభ్యాసం పూర్వం అయిదవ ఏట జరిగేది. నేడు మూడవ ఏటనే చేస్తున్నారు. ఆ శుభదినాన కొయ్యచట్రం బిగించిన రాతిపలకను పసుపు కుంకుమలతో ఇవ్వండి. పెద్దలు దగ్గర కూర్చుని చేయి పట్టి దిద్దించవలసిన వస్తువు గనుక, పలకతో పాటు మీ సమయాన్నీ ఇచ్చినట్లవుతుంది. ఒక హెచ్చరిక. బిడ్డ బలపం, మట్టి అదేపనిగా తింటుంటే అల్లరిగా తీసివేయక వైద్యునికి చూపండి. రక్తహీనత ఉన్న పిల్లలలో ఆ అలవాటు కనబడుతుంది.

పొరుగింటి పండుగ

ఇప్పుడు క్రిస్మస్ సంగతి. మన పల్లెలలో, పట్టణాలలో తరతరాలుగా క్రైస్తవ కుటుంబాలు మనతో కలిసి ఉన్నాయి. సంక్రాంతికి మన అరిసెలు వారింటికి వెళ్తాయి. క్రిస్మస్‌కు వారి పిండివంటలు మనింటికి వస్తాయి. వారి ఇంట పసిబిడ్డ ఉంటే ఏమివ్వాలన్న సందేహం సహజమే. పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం ఒకటి. మనిషిని ఆదరించడమే ఆ యజ్ఞం. ఆదరించదగినవాడు ఫలానా దేవుని కొలిచేవాడే కావాలన్న నియమం దానిలో లేదు. కనుక నిస్సంకోచంగా ఇవ్వవచ్చు.

ఆ పండుగ మూలంలోనూ ఒక పసిబిడ్డకు ఇచ్చిన కానుకల కథ ఉన్నది. తూర్పుదేశపు జ్ఞానులు వచ్చి శిశువుకు బంగారాన్ని, సాంబ్రాణిని, బోళాన్ని సమర్పించారని మత్తయి సువార్త చెబుతుంది. మనకూ అటువంటి ఘట్టం ఉన్నది. నందుని ఇంట బిడ్డ పుట్టాడని విని గోపకులు, గోపికలు చేతులనిండా కానుకలతో తరలివచ్చారని భాగవతం దశమస్కంధం వర్ణించింది. శిశువు పుట్టిన ఇంటికి వట్టి చేతులతో వెళ్ళరాదన్న మర్యాద లోకమంతటికీ ఒక్కటే.

ఇచ్చేటప్పుడు పొరుగువారి మనసు నొప్పించని వివేకం ఉండాలి. మన దేవతామూర్తి ఉన్న బిళ్ళను వారి బిడ్డకు ఇచ్చి వారిని ఇరకాటంలో పెట్టవద్దు. నూలుబట్టలు, కొయ్యబొమ్మ, గట్టి అట్టల బొమ్మలపుస్తకం, పండ్లు ఎవరికైనా సరిపోతాయి. వారు ఇచ్చిన కేకులో గుడ్డు ఉంటుందని నియమం గలవారు సందేహిస్తే, ఆ మాట మృదువుగా చెప్పి పండు అందుకోవచ్చు. పిల్లల ఎదుట ఆ వస్తువును తీసి పారవేయడం మాత్రం తగదు. పిల్లలు కానుకనే గాక మన ముఖాన్ని కూడా చూస్తారు.

భోగినాడు

భోగిపళ్ళ నాడు రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, నానిన శనగలు, చిల్లర నాణేలు కలిపి అయిదేళ్ళలోపు పిల్లల తలమీద పోస్తాము. దిష్టి పోవాలని, శ్రీమన్నారాయణుని ఆశీస్సు కలగాలని ఆ వేడుక. పోసినవన్నీ బిడ్డ ఒడిలోనే పడతాయి. రేగుగింజ, శనగగింజ, నాణెం మూడూ పసిగొంతుకు అడ్డుపడేవే. ఏడాది, రెండేళ్ళ పిల్లలకు పూలరేకులు, అక్షతలు ఎక్కువగా, మిగిలినవి నామమాత్రంగా పోసి, వెంటనే ఒడి దులిపి ఏరివేయండి. వేడుకకు ఏ లోటూ రాదు.

ఆనాడు గుర్తుంచుకోదగిన ఘట్టం భాగవతంలో ఉన్నది. చిన్నికృష్ణుడు మొదటిసారి ఒత్తిగిలినాడని నందుని ఇంట వేడుక చేశారు. మనం నేడు బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు పంచే వేడుక వంటిదే అది. యశోదమ్మ వచ్చిన పేరంటాండ్రను గౌరవించే పనిలో మునిగిపోయింది. బండి కింద పడుకోబెట్టిన బిడ్డ పాలకోసం ఏడ్చాడు. ఆమెకు వినబడలేదు. ఆ బిడ్డ భగవంతుడు గనుక కాలితో తన్ని శకటాసురుణ్ణి కూల్చాడు. మన ఇంటి బిడ్డకు ఆ శక్తి లేదు. వేడుక ఎవరికోసమో ఆ బిడ్డ ఆకలి, నిద్ర ముందు చూడాలి. వీడియో, బంతి, పళ్ళెం, చదివింపులు తరువాత.

ఈ పండుగ రోజులలో పసివారున్న ఇంటికి వెళ్ళేటప్పుడు మూడు మాటలు అనుకొని బయలుదేరండి. ఇది నా శక్తికి తగినదా? ఇది ఈ బిడ్డ వయస్సుకు తగినదా? దీనివలన ఆ ఇంటిమీద బాకీ మిగలదు గదా? ఈ మూడింటికీ మీ మనసు తృప్తిగా సమాధానం చెబితే, చేతిలోని వస్తువు అయిదు రూపాయల పండైనా సాత్త్విక దానమే.

మార్కాపురం శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి, త్రిపురాంతకం శ్రీ బాలా త్రిపురసుందరీ దేవి మీ ఇంటి పసివారికి దీర్ఘాయురారోగ్యాలు ప్రసాదింతురుగాక.